సవరణ: డిక్కీ ర్యాక్ పైవైపు హుక్కులు తగిలించే చోటు

హన్మకొండ నుంచి లక్నవరానికి కారు వెనక సైకిళ్లు కట్టుకుపోవడం గురించి రాసినప్పుడు, డిక్కీకి బెల్టులతో బిగించే ర్యాక్ పైవైపు హుక్కులను డిక్కీ డోర్ మీద రెక్కలా ఉండే స్పాయిలర్‌కు తగిలించొచ్చన్నాం. తప్పు. అది ప్లాస్టిక్, బరువుకు పగులుతుంది. హుక్కు డిక్కీ డోర్ ఇనుప రేకు అంచునే పట్టాలి. ఆ అంచు దొరకని కారుకు ఈ రకం ర్యాక్ వద్దే వద్దు.

మూడు సైకిళ్లు పడతాయన్నదీ సగమే నిజం. ర్యాక్ పరిమితి 45 కిలోలైతే, 18 కిలోల సైకిళ్లు రెండే ఎక్కించాలి. మూడైతే 54 అవుతుంది.

ఇంకొకటి, అసలు రాయనే లేదు: ములుగు రోడ్డెక్కి 10 కిలోమీటర్లు పోయాక ఆగి ర్యాక్ బెల్టులు మళ్లీ లాగండి. నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి కారుకు ఆనే ర్యాక్ ప్యాడ్లు అణిగి బెల్టు వదులవుతుంది. మిగిలిన కొసలు ముడేయండి, లేకుంటే గాలికి కొట్టుకుని పెయింట్ గీరుకుపోతుంది. సైకిల్ టైరు సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా రాకూడదు, వేడికి పాడవుతుంది. నంబర్ ప్లేటు, బ్రేక్ లైట్లు కనబడాల్సిందే.