దడ ఎక్కడ పుడుతుందో ఎకోలోనే తెలిస్తే

డిగ్రీ చదివే అమ్మాయికి ఉన్నట్టుండి గుండె దడ. ములుగు నుంచో నర్సంపేట నుంచో బస్సెక్కి వరంగల్‌లో ఈసీజీ తీయించుకునేసరికి అది కాస్తా తగ్గిపోతుంది. పరీక్షల టెన్షన్ అనో గ్యాస్ అనో మాత్రలిచ్చి పంపేస్తారు.

కొందరిలో అది టెన్షన్ కాదు. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దిగడానికి ఉండాల్సింది ఒక్కటే దారి. కొందరికి పుట్టుకతోనే ఇంకో దారి ఉంటుంది, దడకు అదే కారణమవుతుంది. 1930లో దీన్ని వివరించిన ముగ్గురు డాక్టర్ల పేర్లతో వోల్ఫ్-పార్కిన్సన్-వైట్ సిండ్రోమ్ అంటారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి కాథెటర్ అనే సన్నటి గొట్టం పంపి ఆ దారిని కాల్చేస్తే చాలామందికి మళ్లీ దడ రాదు. చిక్కల్లా, ఆ దారి ఎక్కడుందన్నది. ఈసీజీ అంచనా మాత్రమే ఇస్తుంది.

ఎకోలో వాడే అల్ట్రాసౌండ్‌కు కరెంటు కనిపించదు. కానీ కరెంటు తాకిన కండరం కొన్ని పదుల మిల్లీ సెకన్లలోనే ముడుచుకుంటుంది. సెకనుకు 2000 దాకా ఫ్రేములు తీస్తే ఏ చోట ముందు ముడుచుకుందో దొరుకుతుంది. కొలంబియా యూనివర్సిటీలో ఎలీసా కొనొఫాగు బృందం చేసింది ఇదే. 2020లో ప్రచురించిన ఫలితాల్లో, 55 మంది రోగుల మీద ఈ పద్ధతి 96 శాతం సరిగ్గా చెప్పింది, ఈసీజీ 71 శాతం.

ఇది మన వరంగల్ లాంటి జిల్లాలకే ఎక్కువ అవసరమని నా గట్టి అభిప్రాయం. దారి ఎడమవైపుంటే గుండె లోపలి గోడకు సన్నటి రంధ్రం చేసి వెళ్లాల్సి రావచ్చు. అసలు దారిని ఆనుకొని ఉంటే, అదీ దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సిన పరిస్థితి రావచ్చు. అప్పు చేసి పట్నం వెళ్లాక, సంతకం పెట్టే వేళ ఈ మాట వినడం వేరు. ఇక్కడే టూడీ ఎకో బల్ల మీద తెలుసుకొని, ఇంట్లో మాట్లాడుకొని బయల్దేరడం వేరు.

పరిమితులూ ఉన్నాయి. స్కాన్ తీసే వేళకు ఆ దారిలో కరెంటు నడవకపోతే ఏమీ కనిపించదు. మామూలు ఎకో మెషీన్‌కు అంత వేగమూ ఉండదు, ఆ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేరూ ఉండదు. అందుకే దడ ఉన్నప్పుడు తీసిన ఈసీజీ కాగితం పారేయకూడదు, ఇప్పటికీ డాక్టర్‌కు అదే పెద్ద ఆధారం.

అయితే కావాల్సిన ఆ లెక్కలు ఇంజినీర్ల పని. కాకతీయ మెడికల్ కాలేజీ, నేటి నిట్ రెండూ 1959లో ఈ ఊళ్లోనే మొదలయ్యాయి. వరంగల్ రోగుల ఎకోల మీద ఈ రెండూ కలిసి పరిశోధన మొదలుపెట్టాలి, దానికి ప్రభుత్వం డబ్బివ్వాలి.