లైఫ్ సర్టిఫికెట్ గారికి మిలట్రాయన మనవడు రాయునది

లైఫ్ సర్టిఫికెట్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి. పాత ఉత్తరాల్ల ఈ ఒక్క ముక్క రాస్తే చాలు, అవతలోళ్ళు నమ్మేటోళ్ళు. మీరంటే పెన్షన్ తీసుకునేటోడు ఇంకా బతికే ఉన్నడని ఏడాదికోసారి ఇయ్యాల్సిన కాగితం, మీకు కుశలం అని రాస్తే నడవదు, ఆధార్ కావాలె, వేలిముద్ర కావాలె, ఫోన్‌కొచ్చిన ఓటీపీ కావాలె, అది కూడా పోయినేడాది ఇచ్చింది ఈ ఏడాదికి చెల్లదు. అందుకే ఏడాదికోసారి మా తాతని దేవరకొండ దిక్కున్న మా ఊర్ల పొద్దుగాల బస్సెక్కించి హైదరాబాద్ పట్టుకొస్తున్నం, చెవి మిషన్ చూపించుకునుడు, మిలట్రీ క్యాంటీన్ సామాన్ తెచ్చుకునుడు, మీకు మొఖం చూపించుడు, మూడు పనులు ఒక్క ట్రిప్పుల అయిపోతయని.

అసలు మా ఊర్ల మీ అవసరమే లేదండీ. మిలట్రాయన బతికున్నడా లేదా అని నెలనెలా వెరిఫికేషన్ అయితనే ఉంటది. క్యాంటీన్ రమ్ కోటా ఎప్పుడు తెస్తరో మా చుట్టాలకి క్యాలెండర్ చూడకుండనే తెలుసు, తాతకి కొంచెం దగ్గొచ్చిందంటే చాలు, మూడూళ్ళ అవతల నుంచి అల్లుళ్ళు ఫోన్ చేసి మామా పానం ఎట్లున్నదే అని అడుగుతరు. ఇంత ప్రేమ మీ దగ్గర ఉందా? మీరు నవంబర్ల ఒక్కసారి అడుగుతరు, అయినా మీరే పెద్దమనుషులు.

తాత ఫౌజుల చేరింది 1963ల. అంతకు ముందేడే చైనా లడాయి అయింది, జవాన్లు కావాలె జవాన్లు కావాలె అని ఎక్కడ చూసినా భర్తీ. మా దిక్కు వానలు లేవు, ఆముదాలు ఎండిపోయినయి, తాత పక్కూరి దోస్తుతోని కలిసి పట్నమొచ్చి లైన్ల నిలబడ్డడు, దేశభక్తా అని నేను చిన్నప్పుడు అడిగితే "మూడు పూటలా రొట్టెలు పెడ్తరన్నరు రా" అన్నడు. ట్రైనింగ్ గోల్కొండల ఆర్టిలరీ సెంటర్ల, అంటే ఫిరంగుల దళం. కాగితం రాసే హవల్దార్ వయసెంత అని అడిగితే తాతకి తెల్వదు, ఆయనే ఎగాదిగా చూసి 18 అని రాసుకున్నడు, పుట్టినరోజు కాలమ్‌ల జూలై 1 కొట్టిండు. అప్పట్ల సగం ఇండియా జూలై 1నే పుట్టింది, ఆ సంగతి మీకూ తెలుసు.

కానీ మా నానమ్మ లెక్క వేరే. పోలీస్ యాక్షన్ అయిననాడు తాత గొడ్ల వెంట పోయే పిలగాడంట, ఏడెనిమిదేళ్ళు ఉంటయంట. అంటే 1948ల. ఆ లెక్కన తాతకిప్పుడు 85 దగ్గర పడ్డయి, కాగితం లెక్కన పోయిన జూలైల ఇప్పుడిప్పుడే 80 నిండినయి. ఇది ముసలోళ్ళ ముచ్చట కాదండీ, పైసల ముచ్చట. 80 నిండితే బేసిక్ పెన్షన్ మీద 20 శాతం ఎక్కువ, 85కి 30, 90కి 40, 95కి 50, 100 నిండితే ఏకంగా 100 శాతం, అంటే డబుల్. హవల్దార్ సారు కలం పోటుకి మా తాత నాలుగేళ్ళ 20 శాతం గాలికి పోయింది. తాతకి దాని మీద కోపం లేదు, "ఆయన 18 రాయకుంటే నన్ను తీసుకునేటోడే కాదు" అంటడు. మా బాబాయి మాత్రం ఈ స్లాబులు చూసినకాడి నుంచి తాతకి రోజూ పొద్దున రాగి జావ పంపిస్తున్నడు. వందకి డబుల్ కదా.

ఇగ అసలు ముచ్చట. 1971 డిసెంబర్ 3 నుంచి 17 దాంక, పాకిస్తాన్ లడాయిల, తాత బతికున్నడా లేదా అని మీరు ఒక్కనాడు కూడా అడగలేదు, అది నాకు గుర్తుంది. నేనప్పుడు పుట్టలేదు గానీ నానమ్మ చెప్పింది చెప్పింది చెప్పి మాకు నోటికొచ్చింది. తాత ఛాంబ్‌ల ఉన్నడు, జమ్మూ దిక్కు. 25 పౌండర్ గన్ను, గుండు బరువు దాని పేర్లనే ఉంది, 25 పౌండ్లంటే పదకొండు కిలోల పైనే, రాత్రంతా ఒకడు అందిస్తే ఒకడు పెట్టుడు. పాకిస్తానోళ్ళు గట్టిగా కొట్టి ఛాంబ్ తీసుకున్నరు, మనోళ్ళు మునవర్ తవి నది దాటి ఇవతలి గడ్డకొచ్చిన్రు. టీవీలల్ల 71 అంటే ఢాకా ఒక్కటే చూపిస్తరు, తొంభైమూడు వేల మంది లొంగిపోయిన్రు అని, తాత ఆ ఫొటో చూసినప్పుడల్లా "నేను ఇంకో దిక్కుండె" అని ఊకుంటడు. గట్టిగా అడిగితే నీళ్ళు మస్తు సల్లగుండె అంటడు. అంతే.

ఇక్కడ మా ఊర్ల నానమ్మకి సదువు రాదు. ఆమెకి తాత అంటే నెలకోసారి వచ్చే మనియార్డర్, దాని కింద చింపి ఇచ్చే చిన్న ముక్క మీద రెండు లైన్లు, ఫ్రమ్ అడ్రస్ 56 ఏపీఓ, అంటే మిలట్రీ పోస్టాఫీసు నంబరు. తాత ఉన్న ఊరి పేరే అది అనుకున్నదంట చాలా ఏండ్లు, యాభైయ్యారు అనే ఊరు. డిసెంబర్ల మనియార్డర్ రాలే. జనవరిల రాలే. ఎవ్వరినీ ఏం అడగలేదంట, పోస్టాయన సైకిల్ వచ్చే టైముకి కంది చేన్ల పని వదిలిపెట్టి బాట మీదికొచ్చి నిలబడేదంట, ఆయన కూడా ఏం చెప్పకుండ తల అడ్డంగ ఊపి పోయేటోడంట. ఫిబ్రవరిల వచ్చింది. ఇరవై రూపాయలు తక్కువొచ్చినా ఆరోజు ఇంట్ల కోడి కోసిన్రు. అదండీ లైఫ్ సర్టిఫికెట్ అంటే, మీరు ఏమన్నా అనుకోండ్రి.

పదిహేనేండ్ల సర్వీసు చేసి 1978ల తాత నాయక్‌గా ఇంటికొచ్చిండు, ఒక నల్ల ట్రంకు పెట్టె, రెండు మెడల్స్, సగం పనిచేసే చెవులతోని. అప్పట్ల గన్ను కాడ చెవుల్ల దూది పెట్టుకునుడే రక్షణ. చెవుడు గురించి ఒకసారి అర్జీ పెడ్తే ఒక ఆఫీసు నుంచి జవాబొచ్చింది, ఈ చెవుడు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని. మరి ఆముదం చేన్ల ఫిరంగులు పేలినయేమో, మేం చూడలే.

ఆ తర్వాత నలభై ఏండ్లకి పైన నాగలి, పార, పత్తి. ఇదే మీ కాడ మా కొంప ముంచింది. వేళ్ళ మీద గీతలు లేవు. మా గల్లీ చివర సెంటర్ల పిలగాడు మంచోడే, వేలు తుడిచిండు, తడి చేసిండు, మళ్ళ తుడిచిండు, ఎర్ర లైటే. పది వేళ్ళూ అయినయి. ఆఖరికి "తాతా వేలు తలకి రుద్దుకో, జర నూనె అంటుద్ది, పడ్తది" అన్నడు. తాత టోపీ తీసిండు. తల మీద ఒక్క వెంట్రుక లేదు. పిలగాడు తన తల ముందుకి వంచిండు, ఒట్టు, తాత వాని తల మీద వేలు రుద్ది మిషన్ మీద పెట్టిండు, దీవించినట్టే ఉండె చూసేటోళ్ళకి. అయినా ఎర్ర లైటే. కంటిపాప స్కాన్ అన్నరు, రెండు కండ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, అదీ కాలే.

ఇక్కడ మీ మంచితనం కూడా చెప్పాలె. 2014 నవంబర్ నుంచి మీరు జీవన్ ప్రమాణ్ అని డిజిటల్ అయిన్రు, 2021 నుంచి ఫోన్ల మొఖం చూపించినా ఒప్పుకుంటున్రు, 80 దాటినోళ్ళకి అక్టోబర్ 1 నుంచే తలుపు తీస్తున్రు. దండం. అందుకే ఈసారి అల్వాల్‌ల మా ఇంటి బాల్కనీల కుర్చీ ఏసి తాతని కూసోబెట్టి నేనే ఫోన్ పట్టిన.

యాప్ రెప్ప కొట్టమంటది. తాత కొట్టడు. ఫోన్ చూడంగనే వీపు నిటారు అయింది, గదువ పైకి లేచింది, పిడికిళ్ళు మోకాళ్ళ మీదికొచ్చినయి, కండ్లు గుడ్లప్పగించి ముందుకే. పొద్దుగాల మెట్రోల కూడా గిట్లనే అయింది, ఎంజీబీఎస్‌ల ఎక్కినం, పరేడ్ గ్రౌండ్ అని అనౌన్స్‌మెంట్ ఆ మాట ఒక్కటి ఎట్ల వినపడ్డదో గానీ సీట్ల నుంచి లేచి నిలబడ్డడు, మేం దిగేది ఎట్లాగూ అక్కడే కాబట్టి ఎవ్వరికీ ఏం తెల్వలే. "తాతా రెప్ప కొట్టు!" చెవుల కాడికి పోయి అరిచిన. చెవి మిషన్ రిపేర్‌కి ఇచ్చినం, వినపడలే. నా రెప్పలు కొట్టి చూపించిన, పక్క బిల్డింగ్ ఆంటీ బట్టలారేస్తూ నన్నే చూస్తున్నది. టైమ్ అవుట్. మళ్ళ. టైమ్ అవుట్. ఐదోసారికి నాకు ఐడియా వచ్చింది, ఎన్‌సీసీల నేర్చుకున్నదొకటి మిగిలింది కదా అని, గొంతు పగిలేటట్టు "విశ్రామ్!" అన్న.

భుజాలు కిందికొచ్చినయి. ఒక్క శ్వాస ఇడిచిండు, రెప్ప కొట్టిండు. ఆకుపచ్చ టిక్కు పడ్డది.

కాబట్టి లైఫ్ సర్టిఫికెట్ గారూ, మా మనవి ఒక్కటే. వచ్చే ఏడాది యాప్‌ల రెప్ప కొట్టండి అనే కాడ, ఫౌజోళ్ళ కోసం విశ్రామ్ అని ఇంకో బటన్ పెట్టియ్యండి, సౌండ్ జర పెద్దగ ఉండాలె.

ఇట్లు,
మిలట్రాయన మనవడు,
అల్వాల్.

తా.క. మెసేజ్ వచ్చినంక తాతకి చూపించిన, ఏం రాసిండ్రు అంటే బతికున్నవంట అని చెప్పిన. "మీ నానమ్మకి ఫోన్ చేసి చెప్పు" అన్నడు. చేసిన. నానమ్మ బర్ల కాడ ఉండె, అంతా విన్నది, విని "పైసలు పడ్డయా?" అని అడిగింది.