“రాలేను” అన్న మాట ఎక్కడికి పోతోంది?

అపాయింట్‌మెంట్ రిమైండర్ సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలని ఈ మధ్య నలుగురైదుగురు అడిగారు. అందరి ప్రశ్నా ఒకటే: ఫీచర్లు ఎన్ని, నెలకు ఎంత? నేను ముందు చూడమనేది వేరు. కస్టమర్ “రాలేను” అని జవాబిస్తే, ఆ మాట ఎక్కడికి చేరుతుంది?

దెబ్బ తగిలాకే నాకిది తెలిసింది. మేం మొదట తీసుకున్న దాంట్లో ఎస్సెమ్మెస్‌లు ఫోన్ నంబరు నుంచి కాకుండా మా సంస్థ పేరుతో వెళ్లేవి. చూడ్డానికి హుందాగా ఉందని మురిసిపోయాం. అలా పేరుతో వెళ్లే ఎస్సెమ్మెస్‌కి తిరిగి జవాబివ్వడం కుదరదని మాకెవరూ చెప్పలేదు. ఒకావిడ రాలేనని చెప్పడానికి ప్రయత్నించారు, మెసేజ్ పోలేదు. ఫోన్ చేశారు, పనిలో ఉండి ఎత్తలేకపోయాం. ఆ గంటంతా ఖాళీ. అదే సమయం కావాలన్న ఇంకొకరిని అంతకుముందు రోజే “ఖాళీ లేదండీ” అని పంపేశాం. ఇద్దరికీ అన్యాయం చేసినట్టే కదా! రాలేనని ముందే చెప్పాలనుకునేవాళ్లు నిజానికి చాలామంది. చెప్పే దారి మనమే మూసేసి, “జనానికి బాధ్యత లేదు” అనడం నాకు నచ్చదు.

జవాబు వస్తే చాలదు. దాన్ని ఎవరో చదివి, క్యాలెండర్ తెరిచి, చేత్తో కొట్టేయాల్సి వస్తే పని రెండింతలవుతుంది. ఆ స్లాట్ దానంతటదే ఖాళీ అవ్వాలి, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు కబురు వెళ్లాలి. “క్యాలెండర్‌తో కలుస్తుంది” అని రాసి ఉంటే ఒకవైపేనా (క్యాలెండర్ చూసి రిమైండర్ పంపడం వరకేనా), రెండువైపులానా (జవాబును బట్టి క్యాలెండర్ కూడా మారుతుందా) అని గుచ్చి గుచ్చి అడగండి.

ఇక తెలుగు సంగతి. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది ఇంతే: ఇంగ్లీషులో అయితే 160 అక్షరాలు, తెలుగులో అయితే 70. ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. “స్త్రీ” అన్న ఒక్క అక్షరమే 6 కింద లెక్క. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ముక్కకు 67 చొప్పున. చాలాచోట్ల డబ్బులు ముక్కల లెక్కనే. ఇంగ్లీషు మెసేజ్‌లో ఒక్క ఎమోజీ పెట్టినా పరిమితి 70కి పడిపోతుంది. అలాగని తెలుగు మానేయమనను. మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు తెలుగులో ఉంటేనే పూర్తిగా చదువుతారు. పేరు, రోజు, సమయం, జవాబెలా ఇవ్వాలో రాస్తే చాలు.

దేనికోసం వస్తున్నారో మాత్రం అందులో రాయొద్దు, దయచేసి. ఫోన్ బల్ల మీద ఉంటే ఇంట్లో ఎవరైనా చూస్తారు.

కొనేముందు ట్రయల్‌లో మీ నంబరుకే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. రిమైండర్ రాగానే “రాలేను” అని పంపి, క్యాలెండర్ చూడండి. ఆ స్లాట్ ఇంకా మీ పేరు మీదే ఉంటే, ధర ఎంత తక్కువైనా సరే, దాన్ని తీసుకోకండి.