మహారాజశ్రీ పిల్లల ప్యాంటు అంచు గారికి

మహారాజశ్రీ రెడీమేడ్ పిల్లల ప్యాంటు కింది అంచు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. పిల్లలు ఎదుగుతున్నారు. ఈ సంగతి తమరిదాకా ఇంకా చేరినట్టు లేదు గనక, తెలియజేసుకుందామనే ఈ లేఖ.

ఈ మధ్యాహ్నం తమరి కుట్టు విప్పడం జరిగింది. జీన్సు అంచుకు గొలుసు కుట్టుంటే హాయి. సరైన కొసన సరైన దారం పట్టుకుని లాగితే సర్రున మొత్తం ఊడి వస్తుంది, రెండో కొసన లాగితే ముడిపడి మొండికేస్తుంది. తమరిది మామూలు మిషన్ కుట్టు. నాలుగైదు కుట్లకొకటి చొప్పున ఒక పక్క తెంపుకుంటూ వెళ్లి, రెండో పక్క దారం లాగి, గుడ్డలో ఇరుక్కున్న దారప్పోగులు గోటితో ఏరాలి. రెండు కాళ్లూ విప్పేసరికి పొద్దు వాలింది. లోపల బయటపడ్డ నిధి 2.5 సెంటీమీటర్లు. అందులో ఒకటింబావు మొదటి మడత, ఒకటింబావు రెండో మడత. కొస పోగులు పోకుండా మళ్లీ అంచు కుట్టాలంటే ఆ రెండున్నరా దానికే చెల్లు. కొండ తవ్వినవాడికి ఎలుకైనా దొరికింది.

తమరి తెలివితేటల మీద మాకు అపారమైన గౌరవం. అయినా ఒక చిన్న లెక్క విన్నవించుకుంటాం. నాలుగేళ్ల నుంచి పదేళ్ల దాకా పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్ల పొడుగు పెరుగుతారు. అందులో సగానికి పైగా కాళ్లదే, అంటే మూడు సెంటీమీటర్లు వేసుకోండి. నడుము పెరిగేది మహా అయితే ఒకటో రెండో. మరి తమరి పైనున్న నడుంపట్టీ గారు ఏం చేశారు? లోపల ఎలాస్టిక్ పట్టీ, దాని పొడుగునా వరసగా కాజాలు, చెరోపక్క ఒక గుండీ. నెమ్మదిగా పెరిగే నడుముకు అంత ఏర్పాటు! పరుగున పెరిగే కాళ్లకు మాత్రం సున్నా. అంటే పిల్లలు పెరుగుతారని తమరి ఇంట్లో తెలియక కాదు. తెలిసే ఇలా చేశారు.

గుడ్డ ఖర్చంటారా? పిల్లల ప్యాంటు కాలి చుట్టుకొలత 30 సెంటీమీటర్లనుకుందాం. అదనంగా 4 సెంటీమీటర్ల మడత వదిలితే రెండు కాళ్లకూ కలిపి 240 చదరపు సెంటీమీటర్లు. చేతిరుమాలులో మూడోవంతు కూడా కాదు. ఆ పీలిక వేల ప్యాంట్లకు మిగిలితే తమరికి లాభం, అది లేక ఏడాది తిరక్కుండా కొత్త ప్యాంటు కొంటే ఇంకో లాభం. పక్కకుట్ల సంగతి ఎత్తనే అక్కర్లేదు. కుట్టుపనివాళ్లు "ఎదిగే పిల్లలు కదా" అని ఒకటిన్నర సెంటీమీటర్లు లోపల వదిలేవారు. గుడ్డ కొసలు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఆ అదనాన్ని కత్తితో కోసేసి ఆరేడు మిల్లీమీటర్లు మిగులుస్తుంది. లూజు చేద్దామంటే లోపల పట్టుకోవడానికి గుడ్డ ఉండదు.

1942లో బ్రిటన్ ప్రభుత్వం మగవాళ్ల ప్యాంట్ల కింద పైకి మడత పెట్టకూడదని నిషేధం పెట్టింది. గుడ్డ పొదుపు కోసం. జనం ఊరుకున్నారా, కావాలని పొడుగు సైజు కొనుక్కుని ఇంటి దగ్గర మడిచి కుట్టుకున్నారు. పోనీలే, అక్కడ ప్రపంచ యుద్ధం జరుగుతోంది. తమరి యుద్ధం ఎవరితో?

సరే, ఎలాగో తంటాలు పడి పొడుగు దించామే అనుకోండి. అసలు వేడుక అప్పుడు మొదలవుతుంది. తెల్లగీత! పాత మడత ఉన్నచోట కాలి చుట్టూ కంకణంలాగా. అది మురికి కాదు, ఉతికితే పోవడానికి. జీన్సు దారంలో నీలిరంగు పైపొరకే పడుతుంది, లోపలంతా తెలుపే. మడత కొస నేలకూ బూటుకూ రాసుకుని పైపొర అరిగిపోయి తెల్లదారం బయటపడుతుంది. వెనిగరూ నీళ్లూ సగం సగం కలిపి తడిగుడ్డతో ఇస్త్రీ చేస్తే మడత ముడత పోతుందేమో గానీ, పోయిన రంగు తిరిగి రాదు. బ్లీచు జోలికి పోతే చుట్టూ ఉన్నది కూడా పోతుంది. చెయ్యగలిగింది ఒకటే. గీత మీదుగా అదే నారింజరంగు దారంతో రెండు వరసలు మిషన్ కుట్టు వేసి, మొదట్నుంచీ అలాగే ఉన్నట్టు నటించడం.

ఎందుకు నటించాలని అడగండి. ఎందుకంటే ఆ గీతకు నోరుంది. నలుగురు కూర్చున్నచోటికి పిల్లాడు వస్తే చూపులు వాడి ముఖం మీద పడకముందే చీలమండ దగ్గరికి పోతాయి. "ఇది పోయినేడుదే కదూ?" అంటారు ఒకరు. "పాపం, పొట్టిదైపోయినట్టుందే" అంటారు ఇంకొకరు, మనకు వినిపించేంత మెల్లగా. పెద్దవాళ్లు బెత్తెడు చీలమండ కనబడేలా తొడుక్కుంటే ఫ్యాషన్, పిల్లలకు నాలుగు వేళ్లు కనబడితే పాపం. ఆ "పాపం" ఎవరి మీద వేస్తున్నారో పిల్లలకు ఎనిమిదో ఏటికల్లా అర్థమైపోతుంది. అప్పుడు వాళ్లే ఒక ఉపాయం కనిపెడతారు. ప్యాంటును నడుము మీంచి తుంటిదాకా కిందికి లాక్కుంటారు. కింద రెండు సెంటీమీటర్లు కలిసొస్తుంది, పైన చొక్కా ఊడి బయటికొస్తుంది. ఒక చేత్తో చొక్కా, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని నడుస్తుంటారు. చెయ్యి ఖాళీ లేక ఆటకు పోరు.

ఆ నడక నువ్వెప్పుడైనా చూశావా? అవును, నువ్వనే అంటున్నాను. మర్యాద మహా అయితే 2.5 సెంటీమీటర్ల దాకానే వస్తుంది, నీ మడతలాగే.

మీ బంధువర్గం మీదా చెప్పాల్సింది కొంచెముంది. వెలుగుల బూట్లు: అడుగు అరగక ముందే దీపం ఆరిపోతుంది, ఆరిన బూటు వేసుకోనని పేచీ మిగులుతుంది. లోపలి అట్ట బయటికి తీసి దాని మీద పిల్లని నిలబెట్టి, వేళ్ల ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉందో లేదో చూసి కొనాలి గానీ దీపాలు లెక్కపెట్టి కాదు. బొమ్మల చొక్కా: గుడ్డ ఇంకా గట్టిగానే ఉంటుంది, బొమ్మ పెచ్చులూడుతుంది, ఆ బొమ్మంటే పిల్లకు మోజూ తీరిపోతుంది. "6 ఏళ్లు" అని రాసిన చీటీ: ఏ ఆరేళ్లు, ఎవరి ఆరేళ్లు? ఒకరి ఆరు ఇంకొకరి అయిదుకు చాలదు. సరిపోయే పాత ప్యాంటు పరిచి, లోపలికాలు కుట్టు టేపుతో కొలుచుకుని, ఆ అంకె పట్టుకుని కొట్టుకు పోవడం తప్ప దారి లేదు. ఆడపిల్లల ప్యాంటుకు జేబు కనబడేలా కుట్టి లోపల సంచీ పెట్టని మహానుభావుడికి వేరే లేఖ రాస్తాం.

మోకాలి సంగతి మాత్రం నీకే చెప్పాలి. మీది ఒకప్పుడు గట్టి వంశం. 1873లో అమెరికాలో దర్జీ జేకబ్ డేవిస్, బట్టల వ్యాపారి లీవై స్ట్రాస్ కలిసి పేటెంట్ తీసుకున్నది దేనికి? పనివాళ్ల ప్యాంట్లు జేబు మూలల దగ్గర చిరక్కుండా లోహపు రివెట్లు కొట్టడానికి. ఆ వంశంలోనే పుట్టిన ప్యాంటు మోకాలు ఇప్పుడు ఫ్యాక్టరీలో గీరించుకుని, చింపించుకుని వస్తుంటే దాన్ని ఎక్కువ పెట్టి కొంటున్నారు. అదే మోకాలు పిల్లాడు నేలమీద దేకి చించుకుంటే, దానికి ఇంట్లో మాసిక వేస్తే, "అయ్యో, అతుకుల ప్యాంటా?" అంటారు. కొన్న చిరుగు గొప్ప, సంపాదించుకున్న చిరుగు తక్కువ!

మాసిక వెయ్యడమూ ఒక విద్యే. చిరిగేదాకా ఆగకూడదు. మోకాలు వెలుతురుకు పట్టి చూసి, గుడ్డ జల్లెడలా కనబడగానే వెయ్యాలి. పలచబడ్డ మేర దాటి అన్ని వైపులా 2 సెంటీమీటర్లు ఎక్కువుండాలి, లేకపోతే కుట్టు వేసింది చీకిన గుడ్డ మీదే అవుతుంది, నెల తిరక్కుండా మాసిక పక్కనే ఇంకో చిరుగు పుడుతుంది. మూలలు గుండ్రంగా కత్తిరించాలి, కోణంగా ఉంటే లేచొస్తాయి. పాత జీన్సు ముక్కే మేలు. కొత్త గుడ్డయితే ముందు తడిపి ఆరేయాలి, లేదా మొదటి ఉతుక్కి అది కుంచించుకుపోయి మోకాలంతా ముడతలు. అంత సన్న గొట్టంలోకి మిషన్ పాదం దూరదు గనక పక్కకుట్టు ఒక జానెడు విప్పుకోవాలి. లోపలికాలి కుట్టు జోలికి పోకు, జీన్సులో చాలావరకు అది రెండు వరసల మడత కుట్టు, విప్పితే మళ్లీ అలా రాదు. బయటి పక్కది మామూలు ఓవర్‌లాకే.

పొడుగు పెంచే చిట్కాలు నీకు పూర్వం తెలియనివి కావు. గౌనుకు అడుగున ఒక సెంటీమీటరు లోతు టక్కు, అంటే అడ్డంగా మడిచి కుట్టిన మడత, పెడితే లోపల 2 సెంటీమీటర్ల గుడ్డ దాక్కుంటుంది. మూడు టక్కులు పెడితే ఆరు. ఏడాదికొకటి విప్పుకుంటూ పోయేవారు. విప్పకముందు అది అలంకారం, విప్పితే పొడుగు, ఎవరూ నోరెత్తేవారు కాదు. 2017లో కుర్ర డిజైనర్లకిచ్చే జేమ్స్ డైసన్ అవార్డు బ్రిటన్ విభాగంలో ర్యాన్ యాసీన్ అనే డిజైనర్ గెలిచింది పిల్లతోపాటు సాగే మడతల బట్టలు తయారుచేసినందుకే. చదివింది విమానాల ఇంజనీరింగు. పిల్లల ప్యాంటు పొడుగు పెంచడానికి చివరికి విమానాలు చదివినవాడు రావాల్సొచ్చింది చూడు!

నీకు మేమూ ఒక మందు కనిపెట్టాంలే. నీ కొసకు 4 సెంటీమీటర్ల పలచని నూలుపట్టీ ఒకటి బయటివైపు ఆనించి, ఆరు మిల్లీమీటర్ల దగ్గర కుట్టి, మొత్తాన్ని లోపలికి తిప్పి చేతికుట్టు వేస్తే ఆ రెండున్నరలో 1.9 సెంటీమీటర్లు దక్కుతాయి. పట్టీ బయటికి కనబడదు. ఏడెనిమిది నెలలు నడుస్తుంది. ఇవాళ అదే చేశాం. ఎడమకాలు బాగానే వచ్చింది. కుడికాలు దగ్గర వెలుతురు చాలక పట్టీ కాస్త వంకర పోయింది, దాన్ని రేపు విప్పాలి.

ఇట్లు,
వేలికి సూది గుచ్చుకున్న చేతి రాత

తా.క.: ఎనిమిది నెలల తర్వాత నిన్ను మోకాలి దగ్గర కత్తిరించి నిక్కరు చేస్తాం. 4 సెంటీమీటర్ల మడత వదిలే కత్తిరిస్తాం, నీలా కాదు. కింద మిగిలిన ముక్కలు పారెయ్యం, భయపడకు. తర్వాతి ప్యాంటు మోకాళ్లకు మాసికలు కావాలి కదా.