మా ఇంటి సైబర్ భద్రతా విధానం

పిల్లలు ఆన్‌లైన్ చాటింగులో ఎవడి వలలోనూ పడకుండా ఏం చేయాలా అని దేశమంతా తల పట్టుకుంటోంది. మా ఇంట్లో ఆ సమస్య తీరి చాలాకాలమైంది. పద్ధతి తేలికే. ముందు అరుస్తాం, తర్వాత ఫోను లాక్కుంటాం, అసలు సంగతేమిటో తీరిక దొరికినప్పుడు వింటాం. ఇంతవరకు తీరిక దొరకలేదు. విధానం పనిచేస్తోందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

దీనికి పునాది మా అమ్మాయికి పదేళ్లప్పుడే వేశాను. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు 13 ఏళ్లు నిండాలన్నారు. తోడికోడళ్ల పిల్లలకు ఉండి మా పిల్లకు లేకపోతే మా ఆవిడ ఊరుకుంటుందా? నేనే కూర్చుని పుట్టిన సంవత్సరం 1996 అని కొట్టాను. 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ మన దేశంలో టీనేజి పిల్లలకు వేరే రకం ఖాతాలు తెచ్చింది. 18 లోపు వాళ్లయితే ఖాతా దానంతటదే ప్రైవేటు అయిపోతుంది, తాము ఫాలో కానివాళ్ల దగ్గర్నుంచి మెసేజీలు రావు. మా అమ్మాయికి ఆ రక్షణలేవీ తగల్లేదు. రికార్డుల్లో తనకు ముప్పై దగ్గర పడుతున్నాయి. మ్యాట్రిమోనీ ప్రకటనలు కూడా వస్తున్నాయట.

"తెలియనివాళ్లకు నీ వివరాలు చెప్పకు" అని రోజూ చెబుతాను. నిజానికి తను చెప్పాల్సిన పని లేదు, నేను ఎప్పుడో చెప్పేశాను. యూనిఫాంలో ఫోటో, బడి పేరున్న బ్యాడ్జి, వెనకాల బస్సు నంబరు, పుట్టినరోజు కేకు, మా అపార్ట్‌మెంటు బోర్డు. చుట్టాల గ్రూపు, కాలనీ గ్రూపు, మా టెన్త్ బ్యాచ్ గ్రూపు, మూడింట్లోనూ ఉన్నాయి. లైంగిక నేరాలకు గురైన పిల్లల పేరు, బడి, ఇంటి చిరునామా పత్రికలు బయటపెట్టకూడదని పోక్సో చట్టం పాపం గట్టిగానే చెప్పింది. తండ్రుల సంగతి ఆలోచించినట్టు లేదు.

మరో చట్టం కూడా ఉంది. 18 లోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని, ఆ అనుమతి నిజంగా వాళ్లదేనని తేల్చుకోవాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం అంటోంది. నాకు అభ్యంతరం లేదు. నా ఫోనుకొచ్చే ఓటీపీలు మా అమ్మాయే చదువుతుంది. "కళ్లజోడు వెతుక్కోకు నాన్నా, నేను కొట్టేస్తాలే" అంటుంది. బంగారు తల్లి.

ఇక పోయిన నెల సంగతి. గేములో ఎవడో పరిచయమయ్యాడు. వయసు పదహారన్నాడు, వైజాగన్నాడు. వాడి ఓపికకు మాత్రం దండం పెట్టాలి. రాత్రి పదకొండుకు "తిన్నావా" అని అడిగాడట. లెక్కల్లో మార్కులు తగ్గాయంటే "పర్లేదులే" అన్నాడట. ఆ మాట మా ఇంట్లో వాడుకలో లేదు. తర్వాత గేములో తుపాకీకి కొత్త రంగు కొనిపెట్టాడు. ఆ తర్వాత "ఇక్కడొద్దు, వేరే యాప్‌కి రా" అన్నాడు. ఆనక ఫోటో అడిగాడు. చివరికి "ఇంట్లో చెప్పకు, తిడతారు" అన్నాడు.

పేరు, ఊరు, వయసు ఏవీ నమ్మడానికి లేవు. వాడు చెప్పినవాటిలో ఖాయంగా నిజమైన మాట ఆ చివరిదొక్కటే. గడప తొక్కకుండానే మా ఇంటి విధానాన్ని ఇంత బాగా అర్థం చేసుకున్నవాణ్ని నేను చూడలేదు.

మా అమ్మాయి "నాన్నా, కోప్పడనంటే ఒకటి చెప్తా" అంది. మాటిచ్చాను. విన్నాక యథావిధిగా కోప్పడ్డాను. "అసలు నీకా గేమెందుకు?" అంది మా ఆవిడ. "ఆడపిల్లకు ఫోనెందుకురా?" అంది మా అమ్మ. అరగంట విచారణ జరిగింది. అందులో వాడెవడని అడిగినవాళ్లు లేరు. లైంగిక దురుద్దేశంతో పిల్లల్ని పదేపదే మెసేజీలతో వెంటాడేవాడిది నేరమని పోక్సో చట్టం 2012 నుంచీ చెబుతూనే ఉంది. మా ధర్మాసనం మాత్రం తీర్పు పిల్ల మీద ఇచ్చేసింది. ఫోను జప్తు, గేము రద్దు, ట్యూషన్‌కు తోడుగా నానమ్మ.

శని వదిలిపోతుందని చాట్ మొత్తం చెరిపేయబోయాను. అమ్మాయి చేయి పట్టుకుని ఆపింది.

"డిలీట్ చేయకు నాన్నా. స్క్రీన్‌షాట్లు, వాడి ఐడీ ఉంటేనే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదుకు బలం."

"ఫిర్యాదా? పేరు బయటికొస్తే పరువు..."

"పిల్లల మీద నేరాలకు పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చేయొచ్చు. లేదంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేద్దాం."

"ఫోటో గానీ పంపావా?"

"లేదు. పంపినా దారుంది. టేక్ ఇట్ డౌన్ అని అలాంటి ఫోటోలు నెట్‌లోంచి తీయించే సేవ ఉంది, పద్దెనిమిది లోపు వాళ్లకు ఉచితం. మన ఫోనులోనే ఆ ఫోటోకు ఒక కోడ్ తయారవుతుంది. కోడే వెళ్తుంది, ఫోటో ఎక్కడికీ వెళ్లదు. ఆ కోడ్ చూసి ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటివాళ్లు వెతికి తీసేస్తారు."

ఇవన్నీ ఎవరు నేర్పారంటే, బడికి పోలీసుల షీ టీమ్స్ వాళ్లు వచ్చి చెప్పారంది. ఆ రోజు పేరెంట్లను కూడా రమ్మన్నారట. మా టెన్త్ బ్యాచ్ గెట్‌టుగెదర్ కూడా ఆ రోజే.

"ఇన్ని తెలిసినదానివి, మరి నాకెందుకు చెప్పావే?" అన్నాను, కాస్త గర్వంగానే.

"నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పమన్నారు నాన్నా. అత్త ఫోన్ ఎత్తలేదు."