బోటుకు ఇంటి వైరు చాలదు

"మన చెరువుల్లో ఉప్పు నీళ్లు లేవు కదా, చిన్న బోటుకు ఇంటి వైరే చాలు" అని ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజమండీ. హన్మకొండలో నాది వైరింగ్ పని. పోయిన ఎండాకాలం లక్నవరం దిక్కు ఒక చిన్న బోటు విప్పితే, థర్మాకోల్‌కు ఆనిన చోటల్లా ఇంటి వైరు మీది పీవీసీ తొడుగు గట్టిపడి, వంచగానే పగిలింది. తప్పు నీళ్లది కాదు. పీవీసీని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్‌ను థర్మాకోల్ లాగేసుకుంటుంది. బోటు తేలడానికి లోపల కుక్కేది చాలాసార్లు అదే! అక్కడ వైరును పాలిథిన్ పైపులోంచి తీసుకెళ్లండి.

ఇంజిన్ పక్కన 70 డిగ్రీల వేడి వరకే తట్టుకునే మామూలు పీవీసీ అసలు వద్దు. నూనెను తట్టుకునే 90 లేదా 105 డిగ్రీల ఇన్సులేషన్ (తీగ మీది తొడుగు) అడగండి. లోపల సన్న పోగుల రాగి, దొరికితే తగరం పూతది. ఒంటి తీగ వైరైతే అదురుకు తెగుతుంది.

ఇన్సులేషన్ మంచిదని సన్న వైరు వేయకండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 10 ఆంపియర్లు, రానూపోనూ 10 మీటర్లు పోతే సుమారు 0.7 వోల్టు తగ్గుతుంది. 230 వోల్టుల ఇంట్లో అది ఎవరికీ తెలియదు. బోటులోని 12 వోల్టుల పంపుకు మాత్రం బాగా తెలుస్తుంది.