చోద్యం చూసినవాళ్ళకు ఓదార్పట!

ఈ వారంలో ఈ ఫార్వర్డ్ సందేశం నాలుగోసారి రావడం. పంపినవాళ్ళంతా నాతో చదువుకున్నవాళ్ళే. "బళ్ళో ఎవరినో ఏడిపిస్తుంటే చూస్తూ ఊరుకున్నామని ఇంకా కుమిలిపోతున్నారా? ఈ ఐదు మాటలు చదవండి, మనసు తేలికవుతుంది" అని మొదలై, దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మతో ముగుస్తుంది.

"అప్పుడు మనం పిల్లలం." అవును, ఏడ్చినవాడూ పిల్లాడే. తర్వాత?

"ఆ దెబ్బలతోనే వాళ్ళు రాటుదేలారు." రాటుదేలనివాళ్ళు మన బ్యాచ్ గ్రూపులో ఉండరు కదా, లెక్క అలాగే తేలుతుంది.

"మనం ఊరికే చూశాం, అంతేగా." మా క్లాసులో ఒకడికి నత్తి. పాఠం చదవడానికి లేస్తే, వాడి నోట్లో మాట పూర్తికాకముందే వెనక బెంచీ వాడి గొంతుతోనే పూర్తిచేసేది. నేను నవ్వేవాణ్ణి. గట్టిగా కాదులెండి, పక్కవాళ్ళకు కనబడేంత. 1996లో ఫిన్లండ్‌లో క్రిస్టినా సల్మివల్లి బృందం ఇలాంటి గుంపులో ఎవరి పాత్రేమిటో విడదీసినప్పుడు, నవ్వి ఎగదోసేవాళ్ళను విడిగా లెక్కగట్టింది. ఊరికే చూసినవాళ్ళ వరస వేరు, నాది వేరు.

అసలు ఒళ్ళు మండేది నాలుగోదానికి: "నువ్వొక్కడివి అడ్డుపడినా ఏమీ మారేది కాదు, సైకాలజీ చెప్పింది." ఏం చెప్పిందీ? 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, పక్క గదిలో మనిషికి మూర్ఛ వచ్చినట్టు వినబడినప్పుడు, విన్నది తానొక్కడే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది సాయానికి కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకుంటే 31 శాతమే. మనకు కాళ్ళెందుకు ఆడలేదో ఇది చెబుతుంది, ఒప్పుకుంటా. కాళ్ళు ఆడితే ఏమయ్యేదో చెప్పదు. అది చెప్పే పరిశోధన వేరే ఉంది. కెనడాలో బడి ఆటస్థలాల్లో కెమెరాలు, మైకులు పెట్టి గమనించి, 2001లో ఫలితాలు ప్రచురించారు. తోటిపిల్లలు అడ్డుపడింది నూటికి 19 సందర్భాల్లోనే. కానీ అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా, అంటే 57 శాతం సార్లు, పది సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయింది. పది సెకన్లు! ఈ సందేశం ఫార్వర్డ్ చెయ్యడానికి గ్రూపులు వెతుక్కునేంత సేపు. ఇవాళ మన పిల్లలు కూడా ఇదే చదివి, "మనవల్ల ఏమవుతుందిలే" అని తలదించుకుంటారు. అందుకే ఊరుకోబుద్ధి కాలేదు.

ఇక ఐదోది: "వాళ్ళను వెతికి క్షమాపణ అడగొద్దు." దీన్నీ చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. కానీ ఇది నిజమేనేమో. ఆ నత్తి ఉన్నవాడి నంబరు సంపాదించి, మూడుసార్లు రాసి మూడుసార్లూ చెరిపేశాను. రాసిన ప్రతి ముక్కా నా బరువు దించుకోవడానికే. అది మోయమని వాడిని అడగడానికి నేనెవణ్ణి?

ఇంతలో గ్రూపులో ఈ సందేశం కిందే ఒకడు వాడికి అప్పట్లో పెట్టిన పేరు రాశాడు. పదకొండు నవ్వు బొమ్మలు. "తీసెయ్యరా" అని రాశాను. ఇంకా తియ్యలేదు. నవ్వులు మాత్రం తొమ్మిదయ్యాయి.